మేడ మీద పిన్ని

హలో… ఆ, నేనే అక్కా. చేరాం. చేరడమేంటి, వచ్చి గంటన్నరయింది.

…చూడలేదు.

చూడలేదంటున్నాగా! ఆ గది మూసేశారు. పైకప్పు కారుతోందట, మరమ్మతులట. కింద గదులన్నీ చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం బార్లా తెరిచారు. ఆ బంగళా వాళ్ళ తాతలు, ముత్తాతలు, గుర్రాలు, కుక్కలు… కుక్కక్కూడా బంగారు ఫ్రేమే. మన పిన్ని బొమ్మున్న మేడ గదికి మాత్రం అడ్డంగా తాడు కట్టేశారు.

…నువ్వేగా కనుక్కున్నానన్నావు? 'అన్నీ తెరిచే ఉంటాయిరా, అమ్మని తీసుకెళ్ళు' అన్నదెవరు?

…సరే, సరే. నిన్నేం అనట్లేదు. ఒళ్ళు మండిపోతోంది, అంతే.

అడిగా. ఆఫీసాయన్ని అడిగా. రెండు నెలలాగి రమ్మంటాడు! రెండు నెలలకి అమ్మ చూపు ఎంత మిగులుతుందో కళ్ళ డాక్టరే చెప్పలేకపోయాడు, ఈయనకి నేనేం చెప్పను?

…అదీ చెప్పాను. చెప్పానక్కా! మా అమ్మా, పిన్నీ ఈ ఇంట్లోనే బట్టలుతికేవాళ్ళండీ, ఈ ఇంటి పెద్దమ్మాయి మా పిన్నిని కూర్చోబెట్టి బొమ్మ వేసిందండీ, పిన్ని పందొమ్మిదేళ్ళకే జ్వరమొచ్చి పోయిందండీ, ఆవిడ ఫోటో ఒక్కటంటే ఒక్కటి మా దగ్గర లేదండీ… అంతా చెప్పా. తలూపుతూ విన్నాడు. విని, 'పార్కు చూడండి, చెరువులో హంసలున్నాయి' అన్నాడు.

…నవ్వకు. నీకేం, అక్కడ కూర్చుని ఎన్నైనా నవ్వుతావు.

…ఫోటోనా? ఇక్కడ అమ్మే పుస్తకంలో ఉంది, తపాలా బిళ్ళంత. అమ్మ దాన్ని కళ్ళకి ఆనించుకుని చూసి, 'ఇది మనిషా, దిండా?' అంది.

…చెరువు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టా. 'నా కాళ్ళు లాగుతున్నాయి, నువ్వెళ్ళి పోట్లాడి రా' అంది. ఇదిగో, వచ్చేశా. ఇస్తా, మాట్లాడు…

…ఉండు.

బెంచీ ఖాళీగా ఉందక్కా.

…ఏమో! చేతిసంచీ ఉంది, మనిషి లేదు. ఏమండీ, ఇక్కడ ఓ పెద్దావిడ… ఊదారంగు స్వెట్టరు… ఎటూ?

…తోటమాలి. వెనక తలుపులోంచి లోపలికెళ్ళిందట. ఆపలేదేమయ్యా అంటే, 'ఇంట్లో మనిషిలా చకచకా వెళ్ళిపోయిందండీ, ఇక్కడ పనిచేసే ఆవిడే అనుకున్నా' అంటున్నాడు.

పెట్టెయ్యకు. వెళ్తున్నా… మెట్లు. ఇరుకు మెట్లు. బట్టల మూటలు మోసిన దారి ఇదేనేమో. …ఆయాసమొస్తోంది, మాట్లాడించకు.

అమ్మా!

…ఉంది. ఉందక్కా, ఉంది. ఆ గదిలోనే. పైకప్పు పనివాళ్ళిద్దరూ నిచ్చెన దిగొచ్చి, బొమ్మ మీది గుడ్డ చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. ఏం చెప్పి ఒప్పించిందో! బొమ్మకి జానెడు దూరంలో మొహం పెట్టి…

…ఏడవడమా? తిడుతోంది!

…ఆ పెద్దమ్మాయినే. ముక్కు తప్పు వేసిందట. 'మా చెల్లిది ఇంత సన్న ముక్కా? అందంగా ఉండాలని దిద్దింది, దొంగమొహంది' అంటోంది. చెవులు మాత్రం అచ్చం అవేనట. 'పట్టుకు లాగితే ఎర్రబడేవి, రోజంతా నాతో మాట్లాడేది కాదు' అంటూ… వేలితో గాల్లోనే గీస్తోందక్కా, ఆ చెవి చుట్టూ.

…నేనా? గుమ్మంలోనే నిలబడి చూస్తున్నా.

…ఆగు. ఆఫీసాయన వచ్చాడు.

అవునండీ, తాడు చూశామండీ. …మా అమ్మ. ఆ బొమ్మలో ఉన్నది మా పిన్ని. …లేదండీ, ఇప్పుడే దిగం. మా అమ్మ చూడటం ఇంకా అవలేదు. …అరవకండి, ఆవిడకి కళ్ళే ఆనట్లేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. చేతనైతే కూర్చోడానికో కుర్చీ ఇప్పించండి.

అక్కా, పెట్టేస్తున్నా.