కౌంటర్ని నిలబెట్టిన క్వెరీ

తణుకులో ట్రాక్టర్ల షోరూం ఎదురుగానే రత్నమాణిక్యంగారి టీకొట్టు. షోరూంలో స్పేర్ పార్టులు అమ్మే అబ్బాయిరాజు గ్లాసు అందుకుంటూనే మొదలెట్టాడు.

"పార్టుల కౌంటరు ఎత్తేస్తానన్నారండి ఓనరుగారు! ‘బండి అమ్మితే లాభంగానీ, బోల్టు అమ్మితే ఏమొస్తుందయ్యా?’ అన్నారు. ఒక్క పూట ఆగండన్నా. మనం అమ్మిన ఒక్కో బండీ, కొన్నరోజు నుంచి ఇవాళ్టిదాకా మన దగ్గర ఎన్ని రూపాయల పార్టులు కొందో తేల్చమని కంప్యూటర్లో క్వెరీ రాశానండి. ఎంతా? ఒక్క లైను!"

"ఒక్కటేనా?" అన్నాడు మెకానిక్ లాజరు.

"మామూలు లైనేంటి! ఇటు బళ్ల పట్టిక, అటు బిల్లుల పట్టిక, రెంటికీ బండి నంబరుతో ముడేశా. ఎంటర్ కొట్టానో లేదో, పన్నెండేళ్ల బిల్లులు పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వేడికి సీపీయూ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు మరిగిపోయాయి. ఆవేళ మేం టీ అక్కడే కాచుకున్నాం!"

"అందుకేనా నాకు బేరం లేదూ!" అంది రత్నమాణిక్యం.

"వినండి మరి! మన బళ్లయిపోయినా క్వెరీ ఆగితేనా? పాలకొల్లు బళ్లు తేల్చింది, గోదారి దాటి పిఠాపురం బళ్లు తేల్చింది, హెడ్డాఫీసులో లైట్లు ఆరిపోయి ‘ఎవరండీ ఆ తణుకాయన?’ అని ఫోను. జరిగిన లెక్కలైపోయాక జరగబోయేవి మొదలెట్టింది! ఎల్లుండి పదింటికి ఫలానా బండికి క్లచ్ ప్లేటు పోతుందంది. సరిగ్గా పదింటికి ఆ ట్రాక్టరు డ్రైవరు లేకుండా దానంతటదే వచ్చి మన కౌంటరు ముందు హారన్ కొట్టింది!"

"మరి ఓనరుగారో?" నవ్వాపుకుంటూ అడిగాడు లాజరు.

"మొదటి వరస చూసి లేచి దణ్ణం పెట్టేశారు! ఒక్క ట్రాక్టరు మీద పార్టులే నలభై లక్షలు! కౌంటరు ఎత్తెయ్యడం మాట అటుంచి, పక్కగది కూడా నాకే ఇచ్చేశారు. చూశారుగా, నిన్న గోడ కూడా కొట్టారు."

అది మాత్రం నిజమే. అందరూ చూశారు.

షోరూంలో బిల్లింగ్ చూసే ప్రిస్కిల్లా గ్లాసు కింద పెట్టింది. "ఆ బండి నంబరెంతండీ రాజుగారూ?"

"నాలుగువేల నాలుగొందల పదిహేడు!"

బెంచీ చివర కూర్చున్న రైతు బుల్లబ్బాయి తలెత్తాడు. "అది నాదేనండి. కొన్న రెండో ఏడే కాలవలో పడిపోతే తుక్కుకిచ్చేశాను. దానికి నేను కొన్నది ఒక్క ఫిల్టరండి."

"అంతేనండి," అంది ప్రిస్కిల్లా. "వచ్చినవాళ్లని బండి నంబరు అడగడానికి బద్ధకించి, పన్నెండేళ్లుగా ఈయన అందరి బిల్లులమీదా ఆ ఒక్క నంబరే కొడుతున్నారు."

లాజరుకి టీ పొలమారింది. అబ్బాయిరాజు గొంతు తగ్గించాడు. "ఈ సంగతి ఓనరుగారికి తెలుసామ్మా?"

"ఇంకా లేదండి. అందరికీ వేడివేడి గారెలు చెప్పేస్తే, ఇక తెలియదండి."