పంపుహౌస్‌లో రెండు సిమ్ములు

పంపు లెక్కలు ఆఫీసుకి పంపే పంపుహౌస్‌లోని రౌటర్ పొద్దుటి నుంచి పలకడం లేదు. దాన్ని చూడడానికి రెండు బస్సులు మారి వచ్చిన టెక్నీషియనమ్మ స్టూలు మీద కూలబడి, ఆపరేటరుకేసి చూసింది.

“సిగ్నల్ నిండుగా ఉంది, రెండు సిమ్ములూ కనిపిస్తున్నాయి. అయినా ఒక్కటీ నెట్‌కి కలవట్లేదు. దీన్ని ఎవరైనా కదిపారా బాబాయ్?”

“ఎవరు కదుపుతారమ్మా? ఇక్కడ ఉండేది నేనొక్కణ్ణే.”

“మరి ఈ గూట్లో సిమ్ము ఆ గూట్లోకి కాళ్లొచ్చి నడిచిందా? ఏ కంపెనీ సెట్టింగు ఆ కంపెనీదే. తారుమారైతే రెండూ మొండికేస్తాయి.”

“నేనే తీశానమ్మా. పొద్దున నేను డ్యూటీకి వస్తుంటే మా అమ్మాయిని కాన్పుకి తీసుకెళ్లారు. నా ఫోన్‌కి ఇక్కడ సిగ్నల్ రాదు. ఇవైనా పనికొస్తాయేమోనని నా ఫోన్లో వేసి చూశాను.”

“మాట్లాడారా?”

“ఇవి ఈ పెట్టె కోసం ఇచ్చిన సిమ్ములట, వీటికి కాల్ పోదటగా. ఆ కంగారులో ఎలా పెట్టానో ఏమో. పైకి రాయకు తల్లీ, ఉద్యోగం పోతుంది.”

“ఇదిగో, మార్చి పెట్టాను, నెట్ వచ్చింది. ఈ పెట్టెకి వైఫై ఉందని మీకెవరూ చెప్పలేదా?”

“ముట్టుకోవద్దని మాత్రం చెప్పారమ్మా.”

“ఫోన్ ఇలా ఇవ్వండి, వైఫైకి కలుపుతాను. ముందు వాట్సాప్‌లో కాల్ చేసి తాతయ్యారో లేదో కనుక్కోండి. నా రిపోర్టుకేం తొందర?”