పిలుపు చెల్లుతుందా

ఉయ్యూరు. మధ్యాహ్నం దాటింది. వంటింట్లో అత్త మార్త చేప కడుగుతోంది. కోడలు దుర్గ ఫోను పట్టుకుని పీట మీద కూర్చుంది. లోపల పిల్ల హెప్సిబా నిద్రపోతోంది. ఆదివారం దాని మొదటి పుట్టినరోజు.

"అంటే మొత్తం గ్రూపుకే పంపేశాడా?"

"మొత్తానికే అత్తయ్యా. ఫ్యాక్టరీ చెరకు రైతుల గ్రూపు. ఏ పొలం ఎప్పుడు నరకాలో పెట్టే గ్రూపులో మీ అబ్బాయి పిల్ల పుట్టినరోజు కార్డు పెట్టాడు. కింద ‘అందరూ తప్పక రావలెను’ అని కూడా కొట్టాడు."

"తీసేయమను."

"తీసేలోపే చూసేశారు. ఒకాయన ‘కుటుంబ సమేతంగా వస్తాం డేనియల్ గారూ’ అని పెట్టాడు. ఇంకొకాయన పాపకి శుభాకాంక్షలు అని పెట్టి, దాని కిందే మా చెరక్కి కటింగ్ ఆర్డర్ ఎప్పుడిస్తారు అని అడిగాడు."

"ఇస్తానని చెప్పమను, పాపం. ఎండిపోతోందేమో. మరి బిర్యానీ?"

"నేనూ అదే అడుగుతున్నా. చర్చి వాళ్ళకీ వీధి వాళ్ళకీ సరిపడా చెప్పాం. ఇప్పుడు పామర్రు దాకా ఉన్న రైతులంతా దిగితే ఏం పెడతాం?"

"పప్పుచారు పెంచుదాం. పప్పుచారు ఎంతమందికైనా సాగుతుంది. పిలిచాక వద్దనకూడదు. ఏదీ, ఆ కార్డు ఇంకోసారి చూపించు. నా చేతులు తడి, నువ్వే పట్టుకో."

"చూడండి. పైన ‘ప్రభువు నామమున శుభములు’. మధ్యలో పిల్ల. పక్కన ఏనుగు. ఏనుగెందుకో మీ అబ్బాయికే తెలియాలి. కింద డేనియల్, దుర్గ."

"బావుంది. ఏనుగు కూడా బావుంది."

"పాస్టర్ గారు చూసి, దుర్గ అనే వేయించారా అన్నారట."

"నీ పేరు అదేగా. వేరే పేరు వేస్తే ఎవరో అనుకుంటారు. నేను చెప్తాలే ఆయనకి."

"మీకు ఆయనంటే భయం లేదత్తయ్యా."

"ఎందుకు లేదు, ఉంది. కేకు ముందు పెట్టుకుని పెద్ద ప్రార్థన చేస్తాడేమోనని భయం. క్రీమంతా కారిపోద్ది. ఇంకా ఎవరికి పంపాలి?"

"అందరికీ పంపేశా. హెలెన్ పిన్ని వస్తానంది. ఫిలిప్ బాబాయి కొండపల్లి నించి కొయ్య గుర్రం తెస్తానన్నాడు. అందరూ అయిపోయారు."

"మీ అన్నయ్యకి?"

"ఉల్లిపాయలు కోయనా?"

"ఉల్లిపాయల సంగతి తర్వాత. పోతురాజుకి పంపావా లేదా?"

"నిన్ననే పంపాను. నీలం గీతలు వచ్చాయి. చూశారు. అంతే."

"అంతే అంటే?"

"అంతే అంటే అంతే. అన్నయ్య అమ్మకి చూపించాడట. చూసి, ఫోను తిరిగిచ్చేసి, చేపల బుట్ట సర్దుకుందట. నాన్న వెళ్దామనే అంటున్నాడు, కానీ అమ్మ కదలందే ఆయన కదలడు. నాకు నవ్వొస్తోందత్తయ్యా. పిలవని వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు బయల్దేరుతున్నారు. నేను రావాలని కోరుకున్న ఒక్క మనిషి రాదు."

"రానందా?"

"అనక్కర్లేదు. మీ మతం అబ్బాయిని చేసుకున్నానని పెళ్ళికి రాలేదు, పురిటికి రాలేదు. పిల్లని ఇంతవరకూ ఎత్తుకోలేదు. నాతో మాటే లేదు. అట్లాంటి మనిషి ఏనుగు బొమ్మ చూసి వస్తుందా? అసలు మా వైపు ఫోన్లో పిలిస్తే పిలిచినట్టే కాదు."

"గడపలో నిలబడి బొట్టు పెట్టి పిలవాలన్నావు మొన్న."

"అవును. అదీ అత్తారింటి వాళ్ళు వెళ్ళి పెట్టాలి. కూతురు పిలిస్తే అది పిలుపు కాదు. సొంత చెల్లెలు ఫోన్ చేసి పిలిచిందని అమ్మ ఆవిడ గృహప్రవేశానికే వెళ్ళలేదు. పక్క వీధే అత్తయ్యా. గారెల వాసన మా ఇంట్లోకి వస్తోంది. అమ్మ చద్దన్నం తిని కూర్చుంది."

"గట్టి మనిషే."

"గట్టి కాదు, మొండి. వదిలేయండి. మీరు బొట్టు పెట్టుకోరు, ఇంకొకరికి పెట్టరు. మిమ్మల్ని నేను అడగను కూడా. నా నుదుటి మీద స్టిక్కర్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు మీరు. నాకదే చాలు."

"ఊఁ. ఒక సంగతి చెప్పు. ఆ బొట్టు పెట్టేటప్పుడు కిందికి రాలిందనుకో. పిలుపు చెల్లుతుందా?"

"రాలడమేంటి?"

"కుంకుమ పొడి కదా. ముక్కు మీద పడిందనుకో."

"వేలు తడి చేసుకుని పెడతారత్తయ్యా."

"ఓహో. తడి చేయాలా."

"మీకెందుకివన్నీ?"

"ఊరికే. తెలుసుకుంటే తప్పేముంది. ఆ పసుపు డబ్బా ఇటివ్వు."

"ఇదిగో. అత్తయ్యా, ఈ చేప ఎక్కడిది?"

"మార్కెట్‌ది."

"ఏ మార్కెట్?"

"చేపల మార్కెట్."

"ఇక్కడ ఉయ్యూరులోనా? మీరు తెచ్చే చేపకి ఎప్పుడూ మొప్పలు పాలిపోయి ఉంటాయి. అమ్మేవాడు ఏది చేతిలో పెడితే అదే సంచీలో వేసుకొస్తారు. దీని మొప్పలు చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో. ఇది పొద్దున్నే బోటు దిగిన చందువా."

"నా మొహం చూసి మంచిది ఇచ్చాడేమో."

"మీ మొహం చూసే పాతవి ఇస్తాడు. పొద్దున్నుంచీ ఎక్కడికెళ్ళారు మీరు?"

"చెప్పాగా. చర్చిలో ఆడవాళ్ళ కూడిక."

"కూడిక నిన్న గురువారం అయిపోయింది."

"అందుకేనేమో ఎవరూ రాలేదు."

"అత్తయ్యా. మీ చెప్పుల నిండా ఇసుక ఉంది."

"ఉంటే ఉంది. కడుక్కుంటాలే."

"బందరు వెళ్ళారా?"

"నీ ఫోను మోగుతోంది చూడు."

"మోగనివ్వండి. గిలకలదిండి వెళ్ళారా? మా ఇంటికి?"

"ముందు ఫోనెత్తమ్మా. పిల్ల లేస్తుంది."

"అన్నయ్యది. ఆఁ, చెప్పన్నయ్యా."

"అన్నయ్య కాదు. నేను."

"అమ్మా?"

"ఆ పులుసులో చింతపండు ఎక్కువ వేయనివ్వకు ఆవిడని. చందువా రుచి చచ్చిపోద్ది."

"అమ్మా, నువ్వు… అమ్మా…"

"ఏడవకు. ఏడిస్తే పెట్టేస్తా. మీ అత్తగారు ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు. దొడ్లోకి వెళ్ళిపోతున్నారు. అత్తయ్యా, ఆగండి. అమ్మ. మా అమ్మ. మీరు వెళ్ళినట్టు నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పనమ్మా. ఆవిడ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. చేప నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నీకు లేనిపోని ఆశ పెట్టి, ఆదివారం రోజు నువ్వు వీధి గుమ్మంలో నిలబడి చూస్తుంటే నేను తట్టుకోలేను."

"విన్నానే, వదినగారి మాట ఫోన్లో వినపడింది. ఆలోచించుకోవద్దూ నేను? ఆదివారం ఏ బస్సుకి రావాలో కనుక్కుని చెప్పు. మీ నాన్న అప్పుడే చొక్కా ఇస్త్రీకి ఇచ్చొచ్చాడు."

"అమ్మా, నిజంగానా? అత్తయ్య నీకు బొట్టు పెట్టారా?"

"పెట్టింది. బస్టాండులో కుంకుమ పొట్లం కొనుక్కొచ్చింది. విప్పేసరికి సగం గాలికి పోయింది. మిగిలింది నా ముక్కు మీద పోసింది. వీధి వీధంతా చూస్తోంది. సరే, పిలుపు అయింది, ఇక వెళ్తుంది కదా అనుకున్నా. వెళ్ళదే. అలవాటు కాబోలు, నా తల మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది."

"గడపలోనా?"

"గడపలోనే. నాకేం చేయాలో తెలీలా. ముక్కు మీద కుంకుమ, తల మీద చెయ్యి. కదిలితే బావుండదని అట్లాగే నిలబడ్డా."

"అయ్యో. ఏమని చేశారే?"

"‘ప్రభువా, ఈ తల్లి కోపంలో తప్పు లేదు. కానీ నా మనవరాలికి ఇంకో అమ్మమ్మ లేదు’ అంది. ఇంకేం చేస్తానే, నేనూ ఆమెన్ అన్నా."