అడగకుండా నడిచిన దారి

తిరువూరు కోర్టు వరండా. లాయరు జగన్నాథరావు, ఆయన కక్షిదారు వెంకాయమ్మ.

"మళ్ళీ మొదటికొచ్చారు! లోపల ఇట్లా చెప్పారంటే దారి పోతుంది వెంకాయమ్మ గారూ."

"జరిగిందే చెప్పానండీ."

"జరిగిందంతా ఎవరడిగారు? మీ ఆయన పోయిన దగ్గర్నుంచి, ఇరవై రెండేళ్ళు, హనుమయ్య గారి మామిడితోటలోంచి మీ పత్తిచేలోకి నడిచారు. అంతే."

"నడిచానండీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"ఎవర్నీ అడక్కుండా."

"అడక్కుండా అంటే..."

"అమ్మా, ఎవర్నీ అడక్కుండా."

"తోట గేటు దగ్గర మంచమేసుకుని కూర్చునేవాడండీ హనుమయ్య బాబాయి. ఎదురుగా మనిషుంటే పలకరించకుండా ఎట్లా పోతాం? 'పోతున్నా బాబాయ్' అనేదాన్ని."

"అదే వద్దంటున్నా! ఇరవై ఏళ్ళు హక్కుగా నడిస్తేనే దారి మీదవుతుంది. ఆయన పొమ్మంటే పోయానన్నారనుకోండి, అది ఆయన దయ. ఆయన పోవడంతోనే అదీ పోయింది. కొడుకు మణికంఠ అందుకేగా కంచె వేసింది? దాటితే అక్రమంగా చొరబడ్డట్టేనని నోటీసిచ్చింది?"

"నోటీసే పంపాడండీ. మొహం చూసి ఒక్క మాట అనలేదు."

"సరే, పెద్దాయన ఏమనేవాడు? పొమ్మనేవాడా?"

"'వెళ్ళిరా అమ్మాయ్' అనేవాడు. నాకు అరవై నిండినా ఆయనకి అమ్మాయినే. వానలప్పుడైతే 'కాళ్ళ కింద చూసుకో, పురుగూ పుట్రా ఉంటాయ్' అనేవాడు."

"ఆ మాటే లోపల ఎత్తకండి. పిల్లల్లేరు, ఆ ఎకరమే ఆధారం. దారి లేకపోతే పత్తి ఎట్లా బయటికి తెస్తారు?"

"నెత్తిన పెట్టుకుని వాగు చుట్టూ తిరిగి రావాలండీ. ఈ మోకాళ్ళతో..."

"మరింకేం! ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదని ఒక్క ముక్క చెప్పండి. పోయిన హనుమయ్య గారు లేచొచ్చి కాదంటాడా?"

"అనడండీ."

"అదుగో, పిలుస్తున్నారు. లేవండి. ఏం చెబుతారు?"

"అది మాత్రం చెప్పలేనండీ."

"ఒక్క మాటేగా తల్లీ!"

"రోజు మొత్తమ్మీద నాతో ఎవరన్నా అన్నది కూడా ఆ ఒక్క మాటేనండీ. అదీ అనలేదని నా నోటితో చెబితే, ఇరవై రెండేళ్ళు నన్నసలు ఎవరూ పలకరించలేదని నేనే సాక్ష్యం చెప్పినట్టు కాదూ?"