మూడు శాతం ఎక్కువ వెలిగిన దీపం

"విప్పను. ఆ పెట్టె నేను విప్పను గాక విప్పను," అంటూ మీటరు మావయ్య వచ్చి నా టీ కొట్టు బల్ల మీద చతికిలబడ్డాడు. "అమ్మాయ్, స్ట్రాంగుగా ఒక టీ పెట్టు. ఇవాళ ప్రపంచంతో పోట్లాట ఉంది నాకు."

ఆయన నాకు మేనమామేమీ కాడు. ఎదురుగా ఉన్న దీపాల లాబులో సీనియర్ టెక్నీషియను, వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. కంపెనీలు తయారుచేసిన దీపాలు ఎంత వెలుతురిస్తాయో ఆ లాబులో కొలిచి కాగితం రాసిస్తారు. మనిషి మంచివాడే. నోరు తెరిస్తే మాత్రం కోతలకి అడ్డూ ఆపూ ఉండదు.

ఆ పెట్టె గొడవ మా అందరికీ తెలుసు. వెలుతురు కొలిచేవాళ్ళకి ఒక ప్రపంచ సంఘం ఉందట. వాళ్ళు ఒకే ఒక్క దీపాన్ని పెట్టెలో పెట్టి, పన్నెండు దేశాల లాబులకి వంతులవారీగా తిప్పుతారు. ఎవరికి వాళ్ళు కొలిచి, పక్కవాడికి చెప్పకుండా, అంకె సంఘానికి పంపాలి. పదకొండు లాబుల అంకెలు దగ్గరదగ్గరగా వచ్చాయి. మావయ్య పంపింది మాత్రం మూడు శాతం ఎక్కువ. సంఘంవాళ్ళు మర్యాదగానే రాశారు: దీపం మళ్ళీ పంపుతున్నాం, ఇంకోసారి కొలవండి, లేదంటే మీ అంకే సరైనదని సంతకం పెట్టండి. సంతకం పెట్టాక తప్పని తేలిందా, లాబు పేరు జాబితాలోంచి తీసేస్తారు. పేరు పోయిన లాబుకి దీపాలు పంపేదెవరు? మూసుకోవడమే. అందులో పనిచేసే తొమ్మిది మందీ రోజూ నా దగ్గర టీ తాగేవాళ్ళే, నాకు పొద్దుట్నించీ గుండె దడగా ఉంది. పెట్టె తీసుకెళ్ళే మనిషి ఐదింటికి వస్తాడు. అప్పటికి రెండున్నర దాటింది. లాబు నడిపే మేడమ్ గారేమో, కొలిచింది మీరు కాబట్టి తేల్చాల్సిందీ మీరే అనేసిందట.

"ఇంకోసారి కొలిస్తే ఏం పోయింది మావయ్యా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న లాబు వ్యాను డ్రైవరు.

"పరువు పోయిందిరా! నేనేం చేశానని మళ్ళీ కొలవాలి? పోయిన నెల ఆ మంగళవారం నాడు నల్ల గదిలో దీపం బిగించాను, అరగంట కుదురుకోనిచ్చాను, మీటరు పెట్టాను, అంకె రాశాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా! అయినా అసలు సంగతి మీకు తెలీదు, నాకు మీటరే అక్కర్లేదు. దాని ఉద్యోగం పోతుందేమోనని పాపం పక్కన పెట్టుకుంటానంతే. ఒకసారి అది పాడై రిపేరుకి వెళ్ళింది, ఇక్కడేమో కంపెనీవాడు తొందరపెడుతున్నాడు, సరేనని కంటితో చూసి నాలుగు వందల పదిహేడు అని రాసిచ్చేశాను. వారానికి మీటరు తిరిగొచ్చింది, పెట్టి చూస్తే నాలుగు వందల పదహారంది. తప్పెవరిది?"

"మీదే," అన్నారు ఎదుటి బల్ల మీదున్న లెక్కల మాస్టారు.

"మీటరుది మాస్టారూ! మళ్ళీ రిపేరుకి తోలాను. ఈసారి బుద్ధిగా పదిహేడు చూపించి, క్షమాపణ కూడా చెప్పింది."

"మీటరు క్షమాపణ ఎలా చెప్పింది?"

"ముల్లు దించుకుని నిలబడింది. నాకే జాలేసి, పోనీలే అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి సంఘం దాకా వెళ్ళింది. పెద్ద సభకి నన్ను రమ్మన్నారు. వెళ్ళి చూద్దును కదా, ఆ సంఘానికి కమిటీలు, కమిటీలకి ఉపకమిటీలు, వాటికి మళ్ళీ పిల్ల కమిటీలు! మెట్ల మీద ఎంత వెలుతురుండాలో తేల్చడానికి ఒక పిల్ల కమిటీ ఏడేళ్ళుగా కూర్చునుంది. అది తేలేదాకా ఆ భవనంలో మెట్ల దగ్గర దీపమే పెట్టలేదు, ఏడేళ్ళుగా గోడ పట్టుకుని తడుముకుంటూ ఎక్కుతున్నారు. నేను ఒక్కసారి మెట్లెక్కి దిగి, ఇక్కడ నూట యాభై లక్సుల వెలుతురు వెయ్యండయ్యా అన్నాను. అయిపోయింది సమావేశం! నలుగురు సభ్యులు నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు."

"సంతోషంతోనా?" అన్నాడు డ్రైవరు.

"వచ్చే ఏడు మళ్ళీ కలుసుకోవడానికి కారణం లేకుండా చేశానని! సరే, అక్కడో పెద్దాయనకి నా మీద అనుమానం. నా కళ్ళకి నల్లగుడ్డ కట్టించి, హాలు నిండా నాలుగు వందల దీపాలు పెట్టించి, ఒక్కోటీ వెలిగించమన్నాడు. నేను బెదిరానా? మొహం మీద పడే వెలుతురుని బట్టి టకటకా చెప్పుకుంటూ పోయాను. కుడి చెంపతో లక్సులు, ఎడమ చెంపతో లుమెన్లు. మూడు వందల తొంభయ్యో దీపం దగ్గర ఆగి, ఇది రేపు మూడుంబావుకి మాడిపోతుంది అన్నాను."

"మాడిపోయిందా?" నేను అడక్కుండా ఉండలేకపోయాను.

"రేపటిదాకా ఎక్కడాగింది అమ్మాయ్! నా మాట విని హడిలిపోయి అప్పటికప్పుడే మాడిపోయింది. హాలంతా లేచి నిలబడింది. సంఘం అధ్యక్షుడు నా చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళి, అయ్యా, సూర్యుడికి ఇంతవరకూ ఏ లాబూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఆ లోటు మీరే తీర్చాలి అన్నాడు. తలెత్తి చూశాను. మిట్టమధ్యాహ్నం. ఆయన నన్ను చూస్తున్నాడు, నేను ఆయన్ని చూస్తున్నాను. రెప్ప ఎవరు వేశారనుకున్నారు?"

"మావయ్యా..." అన్నాడు డ్రైవరు నవ్వాపుకుంటూ.

"సూర్యుడే! అర శాతం తక్కువున్నావు, పైన దుమ్ము పట్టింది, తుడుచుకురా, అప్పుడిస్తా కాగితం అన్నాను. ఓ పావుగంట వెలుగు ఆపుకుని శుభ్రంగా తుడుచుకున్నాడు. కిందున్న జనం మబ్బు పట్టిందనుకున్నారు. మర్నాడు పేపర్లో కూడా మబ్బనే వేశారు, వాళ్ళకేం తెలుసు! ఇవాళ మీ నెత్తిన పడుతున్న ఈ ఎండ ఉందే, ఇది నా సంతకంతో పడుతోంది. అలాంటివాణ్ణి పట్టుకుని మళ్ళీ కొలవమంటారా? పదకొండు మంది కూడబలుక్కుని తప్పు చెప్తే అది ఒప్పయిపోతుందా?"

జేబులోంచి సంఘం కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పెన్ను మూత తీశాడు. అప్పటిదాకా నవ్విన డ్రైవరు కూడా నవ్వడం మానేశాడు.

"బాబూ, తొమ్మిది కుటుంబాలు," అన్నారు మాస్టారు మెల్లగా.

"వాళ్ళ కోసమే కదా మాస్టారూ!" మావయ్య గొంతులో కోతల జోరు తగ్గింది. "ముప్పై ఏళ్ళలో నా అంకె ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఇవాళ నేనే తడబడితే రేపట్నించి మా కాగితం ఎవరు నమ్ముతారు? నేను వెనక్కి తగ్గను."

నా కొట్టు పక్కనే లాండ్రీ. అక్కడతను మొదట్నించీ ఇస్త్రీ చేసుకుంటూ వింటున్నాడు. ఇప్పుడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి అడిగాడు.

"మావయ్యా, ఎప్పట్నించో ఒక సందేహం. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు మీరు నల్ల కోట్లు వేసుకుంటారెందుకు? లోపల చలా?"

ఎవరైనా సందేహం అడిగితే మావయ్యకి ప్రాణం లేచొస్తుంది. పెన్ను గాల్లోనే ఆపాడు.

"చలేమిట్రా! వెలుతురు దేని మీద పడితే దాని మీంచి ఎగిరొచ్చి మీటర్లో పడుతుంది. గోడలకి నల్లరంగు వేసింది అందుకే. మనిషి కూడా నల్లగానే ఉండాలి. తెల్లబట్టలతో పక్కన నిలబడ్డావనుకో, నీ బట్టల మీంచి వచ్చే వెలుతురు కూడా మీటర్లోకి పోతుంది. దానికి తేడా ఏం తెలుసు? మొత్తం దీపానిదే అని చెప్పేస్తుంది."

"బాగా ఎక్కువ చూపిస్తుందా?"

"మరీ ఎక్కువేం కాదు. ఓ రెండు, మహా అయితే మూడు శా..."

ఆ మాట పూర్తి కాలేదు.

"మరేం లేదు మావయ్యా," అన్నాడు లాండ్రీ అతను. "పోయిన నెల మీరు కొలిచిన వారం, కోట్లు రెండూ కలిపి సోమవారం నాకు ఉతకడానికిచ్చారు. అప్పుడు వాన పట్టుకుంది కదా, గురువారం దాకా నేను తిరిగివ్వలేదు. బుధవారం మీ తెల్ల చొక్కా వచ్చింది. జేబులో ఈ చీటీ ఉంటే తడిసిపోతుందని తీసి పెట్టాను."

చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మావయ్య చేతిరాతే. పైన ఆ మంగళవారం తేదీ, కింద సంఘానికి పంపిన ఆ అంకె.

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. చీటీ తీసి రెండుసార్లు చదువుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "టైమెంతైంది?"

"మూడు కావస్తోంది," అన్నారు మాస్టారు.

"దీపం కుదురుకోవడానికి అరగంట, కొలవడానికి గంట. పెట్టె విప్పి సర్దడానికి పది నిమిషాలు. చాలు." లాండ్రీ అతని వైపు తిరిగాడు. "కోటేదీ?"

లాండ్రీ అతను నీళ్ళు నమిలాడు. "ఈ వారం మళ్ళీ ఉతకడానికొచ్చాయి, రెండూ ఇందాకే ఉతికాను మావయ్యా. ఇంకా నీళ్ళు కారుతున్నాయి."

"కారనీ. నల్లగానే ఉంది కదా, ఇలా ఇయ్యి."