రెండు వేళ్ల సెల్యూట్

1940 జూన్. ఫ్రాన్స్‌లోని లొరేన్‌లో ఒక కాలువ వంతెన. ఫ్రెంచి దళాలు వెనక్కి తగ్గేదాకా జర్మన్లను అక్కడ ఆపే పని పోలిష్ సైనికులది. మరతుపాకీకి తూటాలందించే బోలెక్‌ను గాయంతో ఇప్పుడే మోసుకెళ్లారు. ఒంటరిగా మిగిలిన పోలిష్ గన్నర్ దగ్గరికి, వెనక్కి వెళ్లే లారీ ఎక్కాల్సిన ఫ్రెంచి సిపాయి ఒకడు వచ్చాడు. గన్నర్ ఇక్కడి బొగ్గు గనుల్లో పనిచేసినవాడు, ఫ్రెంచి బాగానే వచ్చు.

"అన్నా, ఒక్కటడిగి పోతా. మీవాళ్లు రెండు వేళ్లతోనే సెల్యూట్ కొడతారెందుకు?"

"చెప్తా. ముందు ఆ తూటాల పట్టీ అందుకో. మా జనరళ్ల మీసాలు మరీ పెద్దవి. ఐదు వేళ్లూ ఎత్తితే వాటిలో ఇరుక్కుపోయేవి. ఒకాయన్ని విడిపించడానికి గొర్రెల కత్తెర తెచ్చారు."

"నమ్మమంటావా?"

"నమ్మకపోతే ఇంకో పట్టీ ఎక్కించు."

అవతలి గట్టు మీద జర్మన్లు లేచారు. పట్టీ ఖాళీ అయ్యేసరికి మళ్లీ పడుకున్నారు.

"ఇప్పుడు నిజం చెప్పన్నా."

"నిజమే. మా మిగతా మూడు వేళ్లు ఉప్పు దోసకాయ పట్టుకునుంటాయి. పుట్టుకతోనే. ఆడవాళ్ల చేతికి ముద్దు పెట్టేటప్పుడు మాత్రం జేబులో దాస్తాం."

ఫ్రెంచివాడు నవ్వుతూ ఇంకో పట్టీ ఎక్కించాడు. గన్నర్‌కి నవ్వు రాలేదు. రోడ్డు వైపు చూశాడు.

"తమ్ముడూ, నీ లారీ వెళ్లిపోయింది. తప్పు నాదే. నువ్వు పోతే తూటాలందించేవాడు లేడని కోతలు కోశాను."

"చూశాలే. నీ మీసాల కథ దగ్గరే కదిలింది."

"మరి ఎక్కలేదేం?"

"జవాబు రాలేదుగా. ఇంతకీ ఎందుకన్నా?"

"ఒట్టు, నాకూ తెలీదు. మా నాన్న అలాగే కొట్టేవాడు."

"అయితే ఇంకోటి చెప్పు," అంటూ ఫ్రెంచివాడు పెట్టెలోంచి కొత్త పట్టీ తీశాడు.