మానేయమని చెప్పకండి

ఒట్టపాలంలోని ఆ చిన్న వైద్యశాల వెనక వంటింట్లో తైలం కాగుతోంది. వైద్యుడు లోపలికి వచ్చి భార్యను పిలిచాడు.

“ఒకసారి బయటికి రా. కీళ్ళ నొప్పులతో వచ్చిన సుహరా టీచర్‌కి నీ చేతులు చూపించు. వాచి బిగుసుకుపోయిన వేళ్ళు ఇప్పుడు ఎంత బాగా వంగుతున్నాయో చూస్తే ఆవిడకి ధైర్యం వస్తుంది.”

“ధైర్యం వచ్చి ఏం చేస్తుందండీ?”

“ఆస్పత్రి మందులు మానేస్తుంది. కీళ్ళవాతానికి నా తైలం చాలని చెప్పాను.”

ఆమె గరిటె కింద పెట్టింది. ఇన్నాళ్ళూ గొంతులోనే ఆపుకున్న మాట ఇక ఆగలేదు.

“మానేయమని చెప్పకండి. నేను మానలేదు.”

“ఏం మానలేదు?”

“ఆస్పత్రి మాత్రలు. త్రిశూర్‌లో అక్క దగ్గరికని చెప్పి వెళ్ళి తెచ్చుకుంటున్నాను.”

“మరి నా తైలం?”

“మీరు రాస్తే నొప్పి నెమ్మదిస్తుంది, హాయిగా నిద్ర పడుతుంది. అది అబద్ధం కాదు. కానీ వాపు తగ్గింది మాత్రలతోనండీ.”

“నాకెందుకు చెప్పలేదే?”

“మీ ముఖంలో ఆ సంతోషం చూసి నోరు రాలేదు.”

ఆయన పీట మీద కూలబడ్డాడు. ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి ఆమె ఆగిపోయింది.

“లేవండి. టీచర్‌కి ఇప్పుడే చెబుదాం.”

“ఆవిడకి చెబుతాను, సరే. నీ చేతులు చూసి, ఇళ్ళకెళ్ళి మందులు పారేసిన వాళ్ళందరికీ ఎవరు చెబుతారే?”